తలుపు ఫైల్లో పంతొమ్మిది లైన్లు

లిఫ్టులకు కంట్రోలు బోర్డులు తయారుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ ‘పొద్దున మేడమ్’ అంటారు. ఆమె భర్తను ‘మధ్యాహ్నం సారు’ అంటారు. ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం, ఒకటే గది, ఒకటే కంప్యూటరు, ఒకటే కుర్చీ. ఏడు నుంచి ఒంటిగంట దాకా ఆమె, ఒంటిగంట నుంచి మళ్ళీ ఏడు దాకా అతను. ఇంట్లో మూడేళ్ళ బుజ్జి ఉంది. తుంటి ఆపరేషనయ్యాక చేతికర్ర పట్టుకుని నడిచే అత్తగారుంది. ఆవిడ పిల్లను చూడగలదు గానీ ఎత్తుకోలేదు, పరిగెత్తి పట్టుకోలేదు. కాబట్టి మొగుడూ పెళ్ళాల్లో ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉండి తీరాలి. అలా రెండేళ్ళ నుంచి ఒకే కప్పు కింద కాపురం చేస్తూ, ఒకే కుర్చీలో కూర్చుంటూ, ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు తీరిగ్గా చూసుకున్న పాపాన పోలేదు.

సాయంత్రాలు లేవా అనొచ్చు ఎవరైనా. అతను ఏడున్నరకు ఇల్లు చేరేసరికి ఆమె బుజ్జిని నిద్రపుచ్చుతూ తనూ నిద్రపోయి ఉంటుంది. ఐదింటికి లేవాలి మరి. ఆదివారం ఉంది కదా అనొచ్చు. ఆదివారమంతా బట్టలు, అత్తగారి వ్యాయామాలు, కారే కుళాయి, వచ్చీపోయే బంధువులు. ఇక మిగిలింది కంపెనీ గేటు. రోజూ పన్నెండూ యాభైకి అతను బుజ్జిని ఎత్తుకుని బస్సు దిగుతాడు. పిల్లను, నీళ్ళ సీసాను, ఇంటి తాళాన్ని ఆమె చేతికిస్తాడు. ఆమె లోపలి గది తాళం అతని చేతికిస్తుంది. ఆ పది నిమిషాల్లో సంసారానికి సంబంధించిన మాటలన్నీ అయిపోవాలి. అవి ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. తిన్నదా, మందు వేశారా, గ్యాసు కట్టేశారా.

అసలు మాటలు ఫైల్లో ఉండేవి.

లిఫ్టు ప్రోగ్రాం నాలుగు ఫైళ్ళుగా ఉండేది. మోటారుకొకటి, అంతస్తుల లెక్కకొకటి, తలుపుకొకటి, అన్నిటినీ నడిపించేది ఒకటి. ప్రోగ్రాంలో యంత్రం కోసం రాసే లైన్లతోపాటు, చదివే మనుషుల కోసం రాసుకునే లైన్లు కూడా ఉంటాయి. వాటిని కామెంట్లంటారు. యంత్రం వాటి వంక కన్నెత్తి కూడా చూడదు. మొదట్లో అతను పని గురించే రాసేవాడు. ‘తలుపు మూసుకునే ఆలస్యం రెండు సెకన్లు చేశాను, పొద్దున ఒకసారి చూడు.’ తర్వాత కింద ఇంకో లైను చేరింది. ‘బుజ్జి ఇవాళ చెప్పులు తనే వేసుకుంది. ఎడమది కుడికి.’ దానికింద ఆమె రాసింది, ‘మీ వంశం.’ అక్కడినుంచి మొదలైంది. ‘నూనె సీసా మూత పెట్టలేదని అమ్మ నీమీద రుసరుసలాడుతోంది. పెట్టనిది నేనే. చెప్పలేదు, క్షమించు.’ ‘క్షమించను. రేపు కూడా మూత తీసే ఉంచుతాను, ఈసారి నువ్వు తిట్లు తిను.’ ఇంట్లో అత్తగారి ముందు ఏమండీ, మీరు. ఆ ఫైల్లో మాత్రం పెళ్ళికి ముందులాగా నువ్వు.

అన్నీ తలుపు ఫైల్లోనే రాసుకునేవాళ్ళు, మిగతావి ఎవరైనా తెరిచినా తెరుస్తారని. ఒకరు రాస్తే రెండోవాళ్ళు దానికింద జవాబు రాయాలి. శనివారం మేనేజరుగారు వచ్చి పెన్‌డ్రైవులో కాపీ తీసుకుపోతాడు కాబట్టి, ఆ పొద్దున ఆమె వారం కబుర్లన్నీ తుడిచేసేది. తుడిచేముందు ఒకసారి మొత్తం చదువుకునేది. శనివారానికి ముందు ఎవరూ ఏదీ తుడిచేవాళ్ళు కారు. ఎవరూ పెట్టని నియమమే, కానీ రెండేళ్ళలో ఇద్దరూ ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇక రాసిన ఫైళ్ళు బోర్డులోకి ఎక్కాలంటే ఒక ఆదేశం టైపు చెయ్యాలి. దాన్ని ఆ గదిలో మేస్త్రీ అనేవాళ్ళు. నిజంగా మేస్త్రీయే అది, తను ఇటుక ముట్టదు. వెనకాల నలుగురు పనివాళ్ళుంటారు. మొదటివాడు కామెంట్లన్నీ ఊడ్చేసి ఫైలును శుభ్రం చేస్తాడు, రెండోవాడు యంత్రానికి దగ్గరి భాషలోకి మారుస్తాడు, మూడోవాడు దాన్ని అంకెలుగా చేస్తాడు, నాలుగోవాడు ముక్కలన్నీ కలిపి ఒక్కటి చేస్తాడు. ఎవరికి ఏం చెప్పాలో మేస్త్రీకి తెలుసు. మనం చెప్పాల్సిందల్లా ఏ ఫైళ్ళు తీసుకోవాలో, తయారైనదాన్ని ఏ పేరుతో పెట్టాలో. పేరు చెప్పడానికి ఒక చిన్న గీత గీసి ‘ఓ’ అనే అక్షరం కొట్టి, దాని పక్కన పేరు రాయాలి. ‘ఓ’ పక్కన ఏముంటే అదే పేరు. మేస్త్రీ ఎదురు ప్రశ్న వెయ్యదు.

మేనేజరుగారిని అందరూ అర్జెంటుగారు అంటారు. ఆయన నోట ఆ మాట లేకుండా వాక్యం బయటికి రాదు. లిఫ్టంటే మనుషుల ప్రాణాలని, అందుకే ప్రతిసారీ ఆ ఆదేశం చేత్తో టైపు చేసి, లిఫ్టు నడిచాక దాన్ని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలని ఆయన రూలు. పాత ఆదేశాన్ని ఒక మీటతో వెనక్కి తెచ్చుకునే సదుపాయం ఉన్నా ఆయన ఊరుకోడు. చేత్తో రాస్తే బుర్ర మెలకువగా ఉంటుందని ఆయన నమ్మకం.

గురువారం పొద్దున ఆమె బుర్ర మెలకువగా లేదు. బుజ్జికి జ్వరం, రాత్రంతా తడిగుడ్డలు మార్చడంతోనే సరిపోయింది. గదిలో అడుగుపెట్టేసరికి అర్జెంటుగారు కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు.

“అమ్మా, ఎనిమిదింటికి ఆసుపత్రివాళ్ళొస్తున్నారు లిఫ్టు చూడ్డానికి. అర్జెంటు. నిన్న మధ్యాహ్నం సారు తలుపు సరిచేశాడట, ముందు అదెక్కించండి.”

మామూలుగానైతే ఆమె కూర్చోగానే తలుపు ఫైలు తెరిచేది. అతనేం రాశాడో చదివాకే టీ, టీ తాగాకే పని. ఆ రోజు చదవకుండానే మేస్త్రీని పిలిచింది. గీత, ఓ కొట్టింది. ఆ పక్కన తయారయ్యేదాని పేరు కొట్టాలి. మర్చిపోయి నేరుగా ఫైళ్ళ పేర్లు మొదలుపెట్టింది. మొదట కొట్టిన పేరు తలుపు.

మేస్త్రీకి అర్థమైందొకటే. తయారైనదాన్ని తలుపు అనే పేరుతో పెట్టమంటున్నారు. మిగతా మూడు ఫైళ్ళూ తీసుకుని కలపబోయింది, తలుపు పని చేసేవాడెవడూ లేడని కేకలు పెట్టింది, సగంలో చెడిపోయినదాన్ని పద్ధతిగా చెరిపేసి పోయింది. చెరిపింది తలుపు పేరు మీద ఉన్నదాన్ని. ఆమె నాలిక కరుచుకుని సరిగ్గా మళ్ళీ కొట్టింది. ఈసారి వచ్చిన జవాబును రెండుసార్లు చదివింది. తలుపు అనే ఫైలు లేదట.

అది కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు. కిందటేడు ఒక ట్రైనీ ఇలాగే చేస్తే వారం రోజులు వాణ్ణి ఏడిపించింది ఆమే.

“ఏమైంది?” అన్నాడు అర్జెంటుగారు.

“ఏం లేదు సార్. పది నిమిషాలు.”

శనివారం కాపీ ఒకటి కంప్యూటర్లోనూ ఉంది. కానీ సోమ, మంగళ, బుధవారాలు అతను చేసిన మార్పులు అందులో లేవు. అప్పుడు మొగుడి గుణం ఒకటి గుర్తొచ్చింది. అతను దేన్నీ పారెయ్యడు. ఇంట్లో వంగిన మేకులు, పనిచెయ్యని పెన్నులు, దేనివో తెలియని మరలు డబ్బాల్లో ఉంటాయి. మేస్త్రీతో కూడా అంతే, మధ్యలో ఆ పనివాళ్ళు తయారుచేసే కాగితాలను కూడా పారెయ్యకుండా దాచమని చెబుతాడు. అందుకని ఆమె అతన్ని ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. వెతికితే నిన్న సాయంత్రానివి భద్రంగా ఉన్నాయి. మొదటి పనివాడు ఊడ్చి ఇచ్చిన కాగితంలో తలుపు ప్రోగ్రాం చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని చూసుకుంటూ శనివారం కాపీని సరిచేసింది. ఏడూ యాభైకి గది మూలనున్న ఇనుప చట్రంలో బొమ్మంత లిఫ్టు పైకి వెళ్ళింది, ఆగింది, తలుపు తెరిచింది, మూసింది. అర్జెంటుగారు శభాష్ అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఆసుపత్రివాళ్ళు వెళ్ళిపోయాక, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, అతను రాసింది చదువుదామని అలవాటుగా తలుపు ఫైలు తెరిచింది. అప్పుడు గానీ తట్టలేదు. ఊడ్చిన కాగితంలో కామెంట్లు ఉండవు. యంత్రానికి కావలసిందంతా దొరికింది. తనకు కావలసింది పోయింది.

పోతే పోయింది, మహా అయితే తలుపు గురించి రెండు ముక్కలు, బుజ్జి గురించి ఒక ముక్క, అనుకుంది. కానీ మనసు ఊరుకోలేదు. మొదటి పనివాడికి ఒక అలవాటుంది. కాస్త పెద్ద కామెంటును ఊడ్చేస్తే, ఆ తర్వాతి లైను అసలు ఫైల్లో ఎన్నో నంబరుదో గుర్తు వేసి పెడతాడు. ఆమె ఆ గుర్తులు చూసుకుంటూ పోయింది. రెండువందల పదకొండో లైను తర్వాత గుర్తు ఉంది. పక్క లైను నంబరు రెండువందల ముప్ఫై ఒకటి. శనివారం కాపీలో ఆ రెండు లైన్లూ ఒకదాని కింద ఒకటి అంటుకుని ఉన్నాయి.

మధ్యలో పంతొమ్మిది లైన్లు.

రెండేళ్ళలో అతను రాసినవాటిలో అతి పెద్దది ఏడు లైన్లు. బుజ్జి మొదటిసారి నాన్నా అన్న రోజుది. నోట్లో నాలిక లేని మనిషి, అడిగితేగానీ ఆకలని చెప్పడు. అలాంటివాడు కూర్చుని పంతొమ్మిది లైన్లు రాశాడంటే ఏం రాసి ఉంటాడు? ఆమె ఆ రెండు నంబర్ల మధ్య ఖాళీని చూస్తూ ఉండిపోయింది. ఏమీ లేని చోటును అంతసేపు చూడటం ఆమెకు అదే మొదలు. అతని గొంతు వినాలనిపించింది. ఒకే ఇంట్లో ఉండే మనిషి మీద ఇంత బెంగేమిటని సిగ్గేసింది కూడా.

గేటు దగ్గర అడిగేస్తే పోయేది. కానీ అడగాలంటే చేసిన తప్పు ఒప్పుకోవాలి. ట్రైనీని ఏడిపించిన నోటితో ఎలా చెప్పడం? పైగా బుజ్జి జ్వరంతో ఏడుస్తోంది, బస్సు వచ్చేస్తోంది.

“తిన్నదా?” అంది.

“రెండు ముద్దలు.” అతను తాళం తీసుకున్నాడు. ఎప్పుడూ వెంటనే లోపలికి వెళ్ళేవాడు, ఆ రోజు వెళ్ళలేదు. ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. “ఇంకేంటి?” అన్నాడు.

“మందు మూడింటికా, నాలుగింటికా?”

“నాలుగింటికి,” అని లోపలికి వెళ్ళాడు.

ఆ సాయంత్రం ఆమె పట్టుబట్టి మేలుకుంది. బుజ్జి ఎనిమిది దాకా నిద్రపోకపోవడం కూడా కలిసొచ్చింది. అతను వచ్చి కాళ్ళు కడుక్కోగానే, “ఏమండీ, ఒక్కమాట,” అంది.

“ఏంటమ్మా?” అంది హాల్లోంచి అత్తగారు.

“మీతో కాదత్తయ్యా, ఆయనతో.”

“వాడికి పొద్దుపోయొచ్చాక మాటలెందుకమ్మా, ముందు అన్నం పెట్టు.”

అన్నం పెట్టింది. అతను తలనొప్పి అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలసిపోయాడు పాపం, రేపు అడుగుదాం అనుకుంది. ఇంకొకరి వీపు చూసి లోపల ఏముందో కనిపెట్టే విద్య ఎవరికుంది గనక.

శుక్రవారం పొద్దున కూర్చుంటూనే తలుపు ఫైలు తెరిచింది. రాసి ఉంటాడు, మళ్ళీ ఏదో ఒకటి రాసి ఉంటాడు అనుకుంది. నిన్న అతను చేసిన పని ఉంది. కామెంటు ఒక్కటి లేదు. తలుపు బాగానే ఉందన్న ముక్క కూడా లేదు. రెండేళ్ళలో అలాంటి రోజు లేదు.

అప్పుడు వెలిగింది ఆమెకు. నిన్న మధ్యాహ్నం అతనూ ఇలాగే ఆశగా తెరిచి ఉంటాడు. తను రాసిన పంతొమ్మిది లైన్లు నున్నగా తుడిచేసి ఉన్నాయి. కింద జవాబు లేదు. శనివారం రాకుండానే తుడిచింది. అంటే చదివింది, చదివి చెరిపేసింది. అతను అనుకోవడానికి ఇంకేం మిగిలింది?

ఫోన్లు గేటు దగ్గర వాచ్‌మన్ అలమారలో పెట్టి లోపలికి రావాలి. పది గంటలకు టీ విరామంలో పరుగున వెళ్ళి ఫోను చేసింది. బిజీ. నిమిషం ఆగి మళ్ళీ చేసింది. బిజీ. వాచ్‌మన్ ఆమె మొహం చూసి కుర్చీ వేశాడు. మూడోసారీ బిజీ. ఎవరితో మాట్లాడుతున్నాడు ఇంతసేపు, రోజుకు పది మాటలాడని మనిషి? లోపల్నుంచి అర్జెంటుగారు కేక వేస్తుంటే వెళ్ళక తప్పలేదు.

పన్నెండూ నలభైకే గేటు బయట నిలబడింది. బస్సు ఆగింది. అతను దిగాడు, భుజం మీద బుజ్జి నిద్రపోతోంది, జ్వరం తగ్గినట్టుంది. నీళ్ళ సీసా ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

“ఆ పంతొమ్మిది లైన్లలో ఏం రాశావు?”

అతను ఆమెవైపు వింతగా చూశాడు. “చదివి చెరిపేసి మళ్ళీ అడుగుతావేం?”

“నేను చెరపలేదు. చదవనూ లేదు. ‘ఓ’ పక్కన తలుపు పేరు కొట్టాను. ఫైలే పోయింది. నువ్వు దాచిన కాగితం చూసుకుని మళ్ళీ రాశాను. రెండువందల పదకొండు తర్వాత రెండువందల ముప్ఫై ఒకటి ఉంది. అంతే తెలుసు నాకు. నిన్ననే చెప్పాల్సింది, సిగ్గేసి చెప్పలేదు.”

ఇంకెవరికైనా ఐతే విడమరిచి చెప్పాల్సి వచ్చేది. అతనికి మొదటి మాటకే అర్థమైంది. “‘ఓ’ పక్కనా? నువ్వా?” అని నవ్వాడు, పెద్దగా, బుజ్జి కదిలేంతగా. నవ్వుతూనే ఆగిపోయాడు. మొహం పాలిపోయింది.

“ఏంటి? చెప్పు.”

“దూరపు ఊళ్ళో రేవు కట్టేవాళ్ళు పిలిచారు. సరుకుల లిఫ్టులు. పొద్దుటిపూట బుజ్జికి మనిషిని పెట్టుకునేంత జీతం ఇస్తారట. ఏడాది అక్కడే ఉండాలి, మధ్యలో రావడానికి కుదరదు. ఏడాదయ్యాక ఈ ఊళ్ళోనే వాళ్ళ ఆఫీసులో పగటి ఉద్యోగం ఇస్తారట, ఐదింటికల్లా ఇంట్లో ఉండొచ్చు. ఇవాళ పదింటికల్లా ఏ సంగతీ చెప్పమన్నారు.”

“నోటితో అడగొచ్చుగా నన్ను!”

“ఇంట్లో అడిగితే అమ్మ జవాబు చెబుతుంది. ఇక్కడ అడిగితే బస్సొస్తుంది.” అతను బుజ్జిని రెండో భుజానికి మార్చుకున్నాడు. “మొదటి లైను, ఏడాది వెళ్ళిరానా అని.”

“మిగతా పద్దెనిమిది?”

“నువ్వు వద్దని ఎందుకనాలో రాశాను.”

రోడ్డు మీద లారీ ఏదో పోయింది. ఆ మోతలో వినపడదని ఆమె అతనికి దగ్గరగా జరిగింది.

“చెప్పు,” అంది. “వరసగా చెప్పు.”

“ఇప్పుడెందుకు?”

“చెప్పు.”

అతను నేల చూపులు చూస్తూ మొదలుపెట్టాడు. “నేను కూర్చునేసరికి ఆ కుర్చీ వెచ్చగా ఉంటుంది. అదొకటి. బుజ్జి నిద్రలో నీ చెయ్యనుకుని నా చెయ్యి పట్టుకుంటుంది, నేను కదలకుండా పడుకుంటాను. అది రెండు. నువ్వు కోపమొచ్చినప్పుడు కొట్టే మీట ఒకటి వదులైపోయింది, బాగుచేయిస్తానంటే అర్జెంటుగారితో నేనే వద్దన్నాను. నాలుగోది... అమ్మ నన్ను తిట్టినప్పుడు నీవైపు చూసి నవ్వడానికి అక్కడ ఎవరుంటారు? ఐదోది రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. నువ్వంటే నాకు బెంగ. పక్కనే ఉన్నా బెంగే. ఏడాదంటే నావల్ల కాదు.”

లోపల ఒంటిగంట బెల్లు మోగింది. గది తలుపు దగ్గర అర్జెంటుగారు కనిపించి చెయ్యి ఊపాడు. అతను కదలలేదు. ఆమె బుజ్జిని తీసుకోలేదు.

“వద్దు,” అంది.

“ఇప్పుడు చెప్పి ఏం లాభం? నువ్వు చెరిపేశావంటే వెళ్ళమనే అనుకుని, పదింటికి వెళ్తానని మాట ఇచ్చేశాను. ఇక్కడా ఫోను చేసి చెప్పేశాను. సోమవారం నుంచి ఆ కుర్చీలోకి ఇంకెవరో వస్తారు.”

“లాభం కోసం కాదు. నేను అనడం నువ్వు వినాలి. వద్దు. వెళ్ళొద్దు.”

అతను కళ్ళెత్తి చూశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ఇటు చూడనట్టు పక్కకు తిరిగి నిలబడ్డాడు.

“మళ్ళీ అను,” అన్నాడు.

ఆమె మళ్ళీ అంది.